నలుబది సెకనుల నిశ్శబ్దము



నేనిట్లు మాటలాడుచు మాటలాడుచు నడుమ ఆగిపోయి, నలుబది సెకనులపాటు పెదవి కదపక ఊరకుంటిననుకొనుడు. మొదటి ఐదు సెకనులు, ముసలివాడు దగ్గు మ్రింగుకొనుచున్నాడు కాబోలునని మీరు సరిపెట్టుకొందురు. పది గడచునప్పటికి రేడియో దగ్గర కూర్చున్నవారు చెవి యొగ్గుదురు. ఇరువది గడచునప్పటికి ఇంటిలో ఒకరు లేచి వచ్చి గుండీ త్రిప్పుదురు, మరియొకరు బ్యాటరీలు తీసి మరల వేయుదురు. నలుబది నిండకముందే ఇచ్చట స్టూడియోలో డ్యూటీలో ఉన్నవారు పరుగున వచ్చి, నాకు బదులొక సన్నాయి రికార్డు పెట్టి కార్యక్రమమును నిలువబెట్టుదురు. నేను చెప్పినదేమియు లేదు. అయినను మీకొక వార్త చేరినది. నిశ్శబ్దమునుండి వార్త గ్రహించు ఈ విద్యను యంత్రములకు నేర్పుట ఎట్లన్నదే నేటి ప్రసంగవిషయము. దీనినే మా వృత్తిలో సర్వరు ఇంటర్‌ఫేసు మీద డైనమిక్ రౌటింగ్ ప్రోటోకాలు నడుపుట అందురు. పేరు విని రేడియో కట్టివేయకుడు. విషయము పేరంత కఠినము కాదు. మన కాలువల సంగతి ఎరిగినవారికి అసలే కాదు.

మా మేనమామ వర్ని ప్రాంతమున నిజాంసాగరు పిల్లకాలువ యొక్కదానిపై లష్కరుగా పనిచేసినవాడు. చేతిలో కర్ర, భుజముపై గొంగడి, మొలలో తూము తాళపుచెవి. ప్రతిదినము తెల్లవారుజామున కట్ట వెంబడి నడచుచు, తూము తూముకు ఆగి, అచ్చటి రైతును కేకవేసి, "నీళ్లు అందినయా?" అని అడిగి, బదులు విని, ముందుకు సాగువాడు. చిట్టచివరి మడికి ఆయన చేరు వేళ ఊరివారికి గడియారము వంటిది. ఒక శ్రావణమాసమున ఆ వేళ దాటినను ఆయన రాలేదు. కొసన ఉన్న రైతులు, ఎవరును కబురు పంపకయే, పారలు భుజమున వేసికొని కాలువ వెంట ఎగువకు నడచిరి. మైలున్నర దూరమున కట్టకు గండి పడియుండెను. మామ ఒంటరిగా నడుములోతు నీటిలో నిలిచి గడ్డిమోపులు అడ్డము వేయుచుండెను. వచ్చినవారిని చూచి ఆయన ఆశ్చర్యపడలేదు, కృతజ్ఞత చెప్పలేదు. "నేను రాకపోతే మీరు రావాలె, గదే గద మన ఒప్పందం" అన్నాడట. ఆ ఒప్పందమును ఎవరును కాగితముపై వ్రాయలేదు. ప్రోటోకాలు అను మాటకు ఇంతకంటె మంచి తెలుగు నాకు నేటికిని దొరకలేదు.

కాలువ సంగతి ఎత్తితిని గనుక మరియొక మాట. మంజీర నదిపై 1923లో ఆరంభమై 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరు, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూరు పర్యవేక్షణమున వెలసినది. దాని ప్రధాన కాలువ బాన్సువాడ, బోధన్, నిజామాబాద్ ప్రాంతములను తడుపుచు సాగి, ఈ సీమను చెరకు సీమగా, వరి సీమగా మార్చివేసినది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారము నెలకొని, దాని చుట్టు శక్కర్‌నగర్ అను పేటయే లేచినదనిన, ఆ నీటి మహిమయే. అయితే ఆ కాలువకు ఒక లోపము పుట్టుకతోనే కలదు: మూలమొక్కటి, మార్గమొక్కటి. జలాశయమున పూడిక పేరుకొని, ఎగువన సింగూరు వెలసి, మంజీర నీరు హైదరాబాదు దాహమునకు మళ్లిన పిదప, కొసన ఉన్న పొలములకు కాలువ ఉన్నను నీరు లేకపోయెను. ఆ తరువాత శ్రీరాంసాగరు వెనుకజలముల నుండి గోదావరి నీటిని పంపులతో ఎత్తి, ఆ కొస పొలములకే అందించు అలీసాగరు, గుత్ప ఎత్తిపోతల పథకములు వచ్చినవి. మడి అదే, పైరు అదే. నీరు మాత్రము ఒక నది విఫలమైనప్పుడు వేరొక నదినుండి, వేరొక దిక్కునుండి వచ్చును. రెండవ దారి యనగా ఇదియే. కాని మంజీర నీరు ఇక రాదని నిశ్చయించుటకు, పంపులు ఆడింపుడని ఉత్తరువు వెలువడుటకు, నడుమ ఎన్ని వినతిపత్రములు, ఎన్ని ధర్నాలు, ఎన్ని దినములు పట్టునో మన రైతులనే అడుగవలెను. రెండవ దారి ఉండుట ఒక యెత్తు. మొదటి దారి పోయినదని తెలియుట మరియొక యెత్తు. ఈ రెండవదానికే ప్రోటోకాలు.

ఇక సర్వరు దగ్గరకు వత్తము. బోధన్ పట్టణములో ఒక కార్యాలయము. పేరు చెప్పుట మర్యాద గాదు. రైతుల అప్పులు, జమలు, చెరకు తూకపు లెక్కలు అన్నియు అచ్చటి సర్వరులో ఉండును. వర్ని, రుద్రూరు వైపు గల శాఖలవారు, నిజామాబాదులోని పెద్ద కార్యాలయమువారు, అందరును ఆ సర్వరునే సంప్రదింతురు. దానికి రెండు లైనులు. ఒకటి ఎడపల్లి, జానకంపేట మీదుగా రోడ్డు ప్రక్కన భూమిలో నడచి నిజామాబాదు చేరు ఫైబరు. రెండవది కప్పుమీది గొట్టమునకు బిగించిన డిష్షు, రుద్రూరు వైపు టవరును చూచుచుండును. ఆ దారిన బాన్సువాడ, కామారెడ్డి చుట్టి మాట నిజామాబాదు చేరును. రెండింటికి నెలనెలా బిల్లు కట్టుచునే యుండిరి.

క్రషింగు సీజను నడుచుచుండగా ఒకనాటి యుదయము జానకంపేట దగ్గర రోడ్డు వెడల్పు చేయు జేసీబీ ఒకటి ఫైబరును పెరికివేసెను. కార్యాలయమున కౌంటరు ముందు రైతుల వరుస మెట్లు దిగి చింతచెట్టు దాకా సాగినది. సర్వరు వెనుక చూడగా లైటు పచ్చగా మినుకుమినుకుమనుచున్నది. లైటు వెలుగుచున్నది గనుక లైను ఉన్నదని అచ్చటివారి వాదము! ఆ లైటు చెప్పునది సర్వరునుండి, లైను మొదట నుండు రూటరు అను దారిచూపు పెట్టెదాకా గల మూరెడు తీగ సంగతియే తప్ప, జానకంపేట సంగతి దానికేమి ఎరుక? సర్వరులో ఎవరో ఎన్నడో చేతితో వ్రాసిన దారి యొకటి కలదు: ఎచ్చటికి పోవు మాటనైనను మొదటి రూటరుకే అప్పగింపుమని. దీనిని స్టాటిక్ రూటు అందురు. అది శిలాశాసనము. శాసనములో ఉన్న ఊరు పాడుపడినను శాసనము మారదు. రెండవ రూటరు ప్రక్కనే ఖాళీగా కూర్చున్నది. దారి మార్చుట తెలిసిన ఒక్కగానొక్క గుమాస్తా బాన్సువాడలో చెల్లెలి పెండ్లిలో ఉన్నాడు. వరుసలోనున్న పెద్దాయన ఒకడు తలపాగ విప్పి విసరుకొనుచు కౌంటరులోని అమ్మాయిని, "లైను ఎప్పుడొస్తది బిడ్డా?" అని అడిగినాడు. "తెల్వదు కాకా, చేసేటోళ్లు చేస్తున్నరు" అని ఆమె బదులు. చేసేటోళ్లు ఎవరును లేరు. పెండ్లివారి ఫోను సాయంకాలము నాలుగు గంటలకు పలికినది.

నన్ను పిలిచినది ఆ తరువాతి వారమున. అప్పటికి నేను ఉద్యోగము చాలించి, ముప్పది యేండ్లు తీగలతో చేసిన కాపురమునకు విశ్రాంతి నిచ్చియుంటిని. పోయి చూచి, "రెండు రూటర్లు ఒకదానితో ఒకటి మాటలాడుచున్నవా?" అని అడిగితిని. మాటలాడుచున్నవనిరి. "సర్వరు వానితో మాటలాడుచున్నదా?" అని అడుగగా అందరును నా మొగము చూచిరి. సర్వరు అనునది సమాధానములు చెప్పు యంత్రమే గాని, ఇరుగుపొరుగులతో ముచ్చటించునది కాదని లోకాభిప్రాయము. నా అభిప్రాయము వేరు. రెండు కాళ్లున్నవాడు ఏ కాలు పెట్టవలెనో తానే ఎరుగవలెను.

యంత్రములు దారులను గూర్చి మాటలాడుకొను పద్ధతులు ఒకటి గావు. వెనుక శక్కర్‌నగర్ రోడ్డుమీద రాత్రులంతయు చెరకు బండ్లు బారులు తీరియుండిన కాలమున, ఎదురువచ్చు బండివాడు, "గేటు మూసినరట" అనును. వినినవాడు వెనుకవానికి చెప్పును. వెనుకవాడు తనకు వెనుకవానికి. కొంతసేపటికి మొదట చెప్పినవానికే ఆ మాట కొత్తవార్తయై తిరిగి వచ్చును. రెండవమారు వినినందున అతడు దానిని మరింత గట్టిగా నమ్మును. 1988లో చార్లెస్ హెడ్రిక్ పత్రబద్ధము చేసిన రిప్ అను ప్రోటోకాలు ఈ కోవలోనిది. ముప్పది సెకనులకొకమారు పొరుగువానికి తన దూరముల పట్టికను అందించుటయే దాని పని. పోయిన దారిని గూర్చి ఇరువురు పొరుగువారు ఒకరి మాటను మరొకరు నమ్ముచు దూరమును ఒక్కొక్కటిగా పెంచుకొనుచు పోవుదురు. ఆ వెర్రికి హద్దు కావలెను గదా యని 15 మజిలీలు దాటిన దూరమును అనంతముగా లెక్కించిరి. పదునారే అనంతమైన లోకము రిప్‌ది!

రెండవ పద్ధతి జాన్ మోయ్ ప్రభృతులు రూపొందించిన ఓఎస్పీఎఫ్. 1989లో తొలిరూపము వెలువడి, 1998 ఏప్రిలులో 2328 సంఖ్యగల పత్రముగా స్థిరపడినది. ఇందు ఎవడును వినినమాట చెప్పరాదు. తన గడపకు తగిలిన దారులను గూర్చి మాత్రమే ఒక్కొక్కడును చెప్పవలెను. ఆ వాఙ్మూలమును తక్కినవారు అక్షరము మార్చకుండ ఊరంతటికి అందించవలెను. అప్పుడు అందరి దగ్గరను ఒకే పటము సిద్ధమగును. ఆ పటము ముందుంచుకొని ఎవరికివారు దగ్గరి దారిని లెక్కవేసికొందురు. ఆ లెక్క వేయు ఉపాయము ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అను డచ్చి పండితునిది. 1956లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున, తాను పెండ్లాడబోవు యువతితో అంగళ్లు తిరిగి అలసి, కాఫీ హోటలు అరుగుపై కూర్చుండి, రాటర్‌డామ్‌నుండి గ్రోనింగన్‌కు దగ్గరి దారి యేదని యోచించుచు, కాగితము కలము లేకయే ఇరువది నిమిషములలో దానిని కనుగొంటినని ఆయనయే చెప్పినాడు. 1959లో దానిని ప్రకటించినాడు. బోధన్ సర్వరులోపల నేటికిని ఆ ఇరువది నిమిషముల ఆలోచనయే సెకనులో వెయ్యవవంతున నడచుచుండును.

సర్వరులో లైనక్సు ఉండెను. దానిపై ఎఫ్ఆర్ఆర్ అను ఉచిత సాధనమును నెలకొల్పితిమి. దీని వంశవృక్షము సరసమైనది. 1996లో కునిహిరో ఇషిగురో అను జపాను దేశస్థుడు జీబ్రా యని ఆరంభించినాడు. దాని సంతతికి క్వాగా యని పేరు పెట్టిరి, క్వాగా యనగా 1883లో అంతరించిపోయిన చారల జంతువు, జీబ్రాకు దాయాది. అట్టి పేరు పెట్టినందుననో యేమో అదియు చిక్కిపోగా, 2017లో ఎఫ్ఆర్ఆర్ వేరుపడినది. ఇందులో ఓఎస్పీఎఫ్ నడుపు భాగము మొదట నిద్రించుచుండును. డీమన్స్ అను దస్త్రములో దాని పేరు కెదురుగా 'నో' యని యున్నదానిని 'ఎస్' అని మార్చినగాని కన్ను తెరవదు. ఎందరో మేధావులు ఈ ఒక్క పంక్తిని మరచి సగము రాత్రి పోగొట్టుకొనిరి. నేనును అందులో నొకడను.

తరువాత ఇంటర్‌ఫేసుల వంతు. సర్వరుకు వెనుక, బయటి దారులకై, రెండు పోర్టులు. ఒకటి ఫైబరు రూటరుకు, ఒకటి డిష్షు రూటరుకు. ఒక్కొక్క పోర్టుకు ఒక్కొక్క చిరునామా. అయితే ఏదేని ఒక పోర్టు చిరునామానే శాఖలవారికి ఇచ్చినచో, ఆ పోర్టు పడినప్పుడు చిరునామాయు దానితో పడును. కనుక లూప్‌బ్యాక్ అను, తీగ లేని, పడిపోవుట యెరుగని లోపలి ఇంటర్‌ఫేసుకు వేరొక చిరునామా నిచ్చి, శాఖలకు అదియే తెలిపితిమి. ఒకడు కిరాయి ఇల్లు మారినను ఇంటిపేరు మారదు గదా. రెండు పోర్టులవైపును సర్వరు ఆ ఇంటిపేరునే చాటుచుండును. రెండు దారులకు వెలలు కట్టితిమి: ఫైబరుకు 10, డిష్షుకు 100. వెల తక్కువైనది ఉన్నంతకాలము అదియే దారి.

ఇక పోర్టు మీద ప్రోటోకాలు మేలుకొనినంతనే అది చేయు మొదటి పని పలుకరించుట. పది సెకనులకొకమారు 224.0.0.5 అను చిరునామాకు 'హలో' అను చిన్న పొట్లమును పంపును. ఆ సంఖ్య ఎవరి ఇంటి చిరునామాయు కాదు. మన స్టేషనుకు 103.2 ఎట్లో అదియు అట్లే, ఆ వైపు చెవి త్రిప్పియుంచినవారికే వినబడును, తక్కినవారికి లేనట్లే. హలోలో తన పేరు ఉండును, తాను వినిన పొరుగువారి పేర్లును ఉండును. ఎదుటివాని హలోలో నా పేరు కనబడినప్పుడు నా మాట వానికి వినబడినదని నాకు నిశ్చయమగును. మామ "నీళ్లు అందినయా?" అని అడిగి బదులుకొరకు ఆగుట ఇందుకే. 40 సెకనులు, అనగా నాలుగు హలోల కాలము, ఎదుటివాడు పలుకకున్నచో వాడు లేడని తీర్మానించి, ఆ సంగతి అందరికి చాటి, పటము దిద్దుకొందురు. ఎవరును ఫోను చేయనక్కరలేదు, పెండ్లినుండి ఎవరును రానక్కరలేదు.

ఇట్లు చెప్పిన అన్నియు సులువే. మేము దీనిని నెలకొల్పిన రాత్రి మాత్రము అట్లు జరుగలేదు. పొరుగువాని జాబితా చూపుమని 'షో ఐపీ ఓఎస్పీఎఫ్ నైబర్' అని అడుగగా తెల్ల తెర. ఎవరును లేరు. సర్వరుకు కావలియున్న ఫైర్‌వాల్ హలోలను గడపలోనే ఆపివేయుచున్నది. పెండ్లినుండి వచ్చిన ఆ గుమాస్తా చురుకైనవాడు. ఓఎస్పీఎఫ్ సంఖ్య 89 అని చదివి, వెంటనే టీసీపీలో 89వ పోర్టును, యూడీపీలో 89వ పోర్టును తెరచి కూర్చున్నాడు. అయినను ఫలము లేదు. "తమ్మీ, 89 అనునది పోర్టు సంఖ్య కాదు. టీసీపీ 6, యూడీపీ 17 ఎట్లో, ఓఎస్పీఎఫ్ 89 అట్లు, అది వారి గదిలోని కిటికీ కాదు, ప్రక్కన వేరొక ఇల్లు" అని చెప్పితిని. అతడు తల గోకికొని, తెరచిన రెండు కిటికీలు మూసి, ఆ ఇంటికి దారి విడిచినాడు. పొరుగువాడు తెరపై ప్రత్యక్షమైనాడు.

ప్రత్యక్షమై, 'ఎక్స్‌స్టార్ట్' అను మెట్టుమీద నిలిచిపోయినాడు. పొరుగుతనమునకు ఎనిమిది మెట్లు. మొదట డౌన్, చివర ఫుల్. పలుకరింపులు ముగిసి పటములు మార్చుకొనుటకు కూర్చుండు మెట్టు ఎక్స్‌స్టార్ట్. అచ్చటికి వచ్చుట, జారుట, మరల వచ్చుట, మరల జారుట. గంటకు పైగా దాని ముందు కూర్చున్నాము. గుమాస్తా మూడుమారులు చాయ తెచ్చినాడు. పలుకరింపు చక్కగా నడచుచున్నది, అసలు మాట మాత్రము సాగుటలేదు. ఇట్టి సంబంధములు మనుష్యులలోను లేకపోలేదు గాని, యంత్రములలో దీనికి కారణము దాదాపు ఎప్పుడును ఒక్కటే: ఎంటీయూ. ఒక్క పొట్లములో ఎన్ని బైట్ల సరకు పట్టునను కొలత అది. ఎవరో పూర్వము బ్యాకపు త్వరగా ముగియవలెనని సర్వరు పోర్టుకు 9000 అని పెట్టియుండిరి. రూటరు పోర్టుకు మామూలు 1500. హలో చిన్నది గనుక రెండువైపుల దూరిపోవును. పటము మార్చుకొను పొట్లములలో మాత్రము ప్రతివాడును తన కొలతను వ్రాయవలెనని నియమము. తాను మోయలేనంత కొలత వ్రాసియున్నదానిని రూటరు ముట్టకయే త్రోసివేయును. రైలు క్రింది వంతెన దగ్గరకు గుట్టగా చెరకు నింపిన ట్రాక్టరు వచ్చి నిలిచినట్లు. సైకిలువాడు ఈలవేయుచు దాటిపోవును, ట్రాక్టరు దాటదు; దూరమునుండి చూచువానికి దారి తెరచియున్నట్లే కనబడును.

ఈ కొలత తేడాను పట్టించుకొనవద్దని చెప్పు ఆజ్ఞయు ఒకటి కలదు. గుమాస్తా దానిని వెదకి పట్టుకొని ఉత్సాహముగా చూపినాడు. నేను వలదంటిని. అది వంతెన ఎత్తును వ్రాసిన బోర్డును పీకివేయుటయే గాని వంతెనను ఎత్తుచేయుట కాదు. రేపు నిజమైన బరువు పొట్లము వచ్చినప్పుడు ఎచ్చటనో మధ్యదారిలో, ఎవరికిని తెలియకుండ, తగిలి నిలుచును. సర్వరు పోర్టును 1500కు దించితిమి. రెండు నిమిషములలో 'ఫుల్' అని పడినది. రాత్రి ఒంటిగంట పది.

నడపవలసిన చోట నడుపుట ఎంత ముఖ్యమో, నడపగూడని చోట నోరు మూయించుట అంత ముఖ్యము. సర్వరుకు మూడవ పోర్టు ఒకటి ఉండెను, కార్యాలయములోని కంప్యూటర్లవైపు. ఆ వైపు హలోలు పంపవలసిన పనిలేదు. పంపినచో ఏ కుర్రవాడైనను తన కంప్యూటరునుండి బదులు పలికి, పొరుగువాడనని చెప్పుకొని, తప్పుడు పటము చేతిలో పెట్టవచ్చును. ఆ పోర్టును పాసివ్ చేసితిమి: దాని ఉనికి అందరికి చెప్పబడును, అది మాత్రము ఎవరితోను పలుకదు. పలుకు రెండు పోర్టులమీదను సంకేతపదము పెట్టితిమి.

అంతకంటె సూక్ష్మమైనది మరియొకటి. రెండు రూటర్లకు నడుమ సర్వరు నిలిచి, ఇరుప్రక్కలతోను మాటలాడుచున్నదనగా, పటములో అదియు ఒక దారివలె కనబడును. ఫైబరువైపునుండి డిష్షువైపునకు పోవలసిన పరుల సరకు, ఈ నడిమి ఇంటిగుండా పోవుట దగ్గర గదా యని లెక్కతేలి, సర్వరు నడినెత్తిమీదుగా పారజొచ్చును. తన మడికి నీరు తెచ్చుకొన్న బోదెను ఊరివారు పెద్దకాలువగా వాడుకొన్నట్లు. దీనికి మ్యాక్స్ మెట్రిక్ అను మందు కలదు: నా గుండా పోదలచినవారికి వెల 65535 అని సర్వరే చాటును, తన సొంత చిరునామాకు మాత్రము మామూలు వెల. ఇంటికి వచ్చు చుట్టములకు తలుపు తెరచి, పెరటి దారిన పోవువారికి ముండ్లకంప అడ్డముపెట్టుట. ఇంకను, ఒక పోర్టున వచ్చిన ప్రశ్నకు వేరొక పోర్టునుండి జవాబు పోవలసివచ్చినప్పుడు, లైనక్సులోని రివర్స్ పాత్ ఫిల్టరు కఠినముగానున్నచో ఆ ప్రశ్ననే అనుమానించి పారవేయును, దానిని సడలింపవలెను. ఈ రెండు సంగతులు తెలియక, ప్రోటోకాలే చెడ్డదని దానిని పీకివేసినవారిని నేనెరుగుదును.

నలుబది సెకనులు ఎక్కువ గాదా యని మీలో యువకులు అడుగవచ్చును. బీఎఫ్‌డీ యను మరియొక ఏర్పాటు కలదు. సెకనులో పదవవంతులలో పొరుగువాని ఊపిరి పరీక్షించి, ఒక సెకనులోపలనే మరణవార్త చెప్పును. పెద్ద నగరముల డేటా సెంటరులలో అది తగినదే. మా డిష్షు దారిమీద నేను దానిని పెట్టనీయలేదు. ఆషాఢపు జడివానకు రుద్రూరు టవరు మూడు సెకనులు మసకబారి మరల తేరుకొనును. మూడు సెకనులకే చచ్చినాడని చాటి, నాలుగవ సెకనున బ్రతికినాడని చాటి, దినమంతయు ఊరిని ఏడ్పించి నవ్వించుచుండుట కంటె, పెద్దమనిషివలె నలుబది సెకనులు ఓపికపట్టుట మేలు. మామకోసము ఊరివారును అరగడియ చూచినగాని పారలు ఎత్తలేదు.

నిశ్శబ్దమును తప్పుగా చదివినచో ఏమగునో లోకమంతయు ఒకమారు చూచినది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఆరు గంటలపాటు మాయమైనవి. ఆ సంస్థవారి డేటా సెంటర్లను కలుపు వెన్నెముక వంటి మార్గమున మరమ్మతు చేయుచుండగా ఇచ్చిన ఆజ్ఞ యొకటి ఆ మార్గమునంతటిని కూల్చినది. లోకమునకు వారి పేర్ల చిరునామాలను చెప్పు డీఎన్ఎస్ సర్వర్లు, మన బోధన్ సర్వరు వలెనే, తామే దారుల మాట పలుకునవి; వానిది బీజీపీ అను ప్రోటోకాలు. డేటా సెంటర్లతో మాట కలియనిచో లోపము తమలోనే యున్నదని భావించి తమ ప్రకటనను తామే ఉపసంహరించుకొనునట్లు వానికి నేర్పియుండిరి. ఒక సర్వరు విషయమున ఇది ఎంతో వివేకముగల నియమము. ఆనాడు అన్ని సర్వర్లకును ఒక్కమారే నిశ్శబ్దము ఎదురయ్యెను. అన్నియు ఒక్కమారే వినయముగా తప్పుకొనెను. లష్కరులందరును ఒక్కనాడే, గండి నా తూములోనే పడినదనుకొని ఇంటికి పోయినట్లు! మరమ్మతు చేయువారికి సయితము తమ సాధనములు అందక, మనుష్యులు స్వయముగా డేటా సెంటర్లకు పోవలసివచ్చినది. కనుక, ఎదుటివాడు పలుకకున్నచో ఏమి చేయవలెనో నిర్ణయించునప్పుడు, అందరును పలుకనినాడు ఏమి చేయవలెనో కూడ వ్రాసియుంచవలెను. మా సర్వరులో ఇద్దరు పొరుగువారును మూగవోయినచో వెల 250గా చిట్టచివరి వరుసలో నిలుచు పాత స్టాటిక్ రూటునే తిరిగి పట్టుకొనునట్లు ఉంచితిమి. శిలాశాసనమును నేను పూర్తిగా చెరపివేయలేదు. క్రింది వరుసకు దించితిని, అంతే.

తరువాతి ఆదివారము పరీక్ష. గుమాస్తా చేయి చాచి సర్వరు వెనుక కేబులు పీకబోయినాడు, ఆపితిని. దగ్గరి తీగ తెగినచో లైటే చెప్పును, దానికి ప్రోటోకాలు ఏల? మనకు కావలసినది జానకంపేట. నిజామాబాదులో ఉన్న మిత్రునికి ఫోను చేసి, ఆ కొసన, ఫైబరు గోడలోనికి పోవు చోట పిన్ను ఊడదీయుమంటిని. ఇచ్చట లైటు పచ్చగానే యున్నది, ఏమియు జరుగనట్లు. వర్ని శాఖలో ఒక అమ్మాయి పరీక్షకొరకు తెరచియుంచిన ఖాతా పుట తెరపై గిరగిర తిరుగుచున్నది. గడియారము చూచుచుంటిమి. ముప్పదియారవ సెకనున పుట తెరచుకొనినది. హలో వచ్చిన మరుక్షణమున పిన్ను ఊడునా, మరుసటి హలోకు ముందు ఊడునా యను దానినిబట్టి ముప్పదినుండి నలుబదిలోపల ఎప్పుడైనను కావచ్చును.

మీ కార్యాలయములలో, బడులలో, దవాఖానాలలో రెండవ లైనుకు నెలనెలా బిల్లు కట్టుచున్న పెద్దలు ఎవరైన ఈ ప్రసంగము వినుచున్నచో వారికి నా మనవి యొక్కటి. వచ్చు ఆదివారము, కౌంటరు ముందు ఎవరును లేని వేళ, మొదటి లైనును దూరపు కొసన ఊడదీయించి చూడుడు. గడియారము చేత పట్టుకొని కూర్చుండుడు. నిమిషము దాటినను పుట తెరచుకొననిచో, సోమవారము ఉదయమే ఆ గుమాస్తాను పిలిపింపుడు; అతని ఇంట ఏ పెండ్లియు లేనప్పుడే.